సబ్బవరం, సబ్బవరపు
(స్మారకోపన్యాస పాఠం)



మాస్టారి పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనక బ్యానరు మీద ఉంది. నా నోట మాత్రం ఆ పేరు ఎప్పుడూ రాలేదు. చదువు చెప్పిన మనిషిని పేరు పెట్టి పిలిచే అలవాటు మా తరానికి లేదు. ఈ వయసులో కొత్తగా నేర్చుకోలేను. మాస్టారు అనే అంటాను.

ఆయన మాకు తెలుగు చెప్పేవారు. కొత్త తరగతిలో అడుగుపెట్టిన మొదటిరోజు పాఠం మొదలుపెట్టేవారు కాదు. పొడుగాటి నోటుపుస్తకం ఒకటి తెచ్చి, ఒక్కొక్కరినీ లేపి నాలుగు సంగతులు అడిగి నాలుగు గడుల్లో రాసుకునేవారు: పేరు, ఇంటిపేరు, ఉంటున్న ఊరు, అమ్మ పుట్టింటి పేరు. నాలుగో గడి దగ్గర సగం తరగతి నీళ్ళు నమిలేది. "ఇంటికెళ్ళి అడిగి రా" అనేవారు. నేనూ అడగడానికి వెళ్ళినవాణ్ణే. పెరట్లో గిన్నెలు తోముతున్న అమ్మ తల ఎత్తకుండా "సబ్బవరపోరు" అంది. మర్నాడు ఆ మాట చెబితే మాస్టారు గడిలో "సబ్బవరపు" అని రాసి, కలం ఆపి, "సబ్బవరం చూశావా?" అన్నారు. చూడలేదు. ఆదివారం అనకాపల్లిలో బస్సెక్కాను.

పెందుర్తి, అనకాపల్లి, చోడవరం దారులు కలిసే చోట దిగాను. టీ బడ్డీ ముందు బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన్ని "తాతా, సబ్బవరపోరి ఇల్లెక్కడ?" అని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏ సబ్బవరపోరు బాబూ? ఈ ఊల్లో ఉన్నోలం అందరం సబ్బవరపోలమే గదా. ఇంటిపేరు సెప్పు."

అదే ఇంటిపేరని చెప్పడానికి నోరు రాలేదు. ఒక టీ తాగి తిరుగు బస్సెక్కాను. వెళ్ళిన పని కాలేదన్న దిగులుతో సోమవారం మాస్టారికి ఆ సంగతి చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. "పని అయింది రా. ఆ తాత చెప్పిందే అసలు సంగతి. సబ్బవరంలో ఉన్నవాణ్ణి సబ్బవరపు అని ఎవరు పిలుస్తారు? పొలిమేర దాటాకే ఆ పేరు పుడుతుంది" అన్నారు.

ఇవాళ నేను చెప్పబోయేది ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

ముందు ఊరి పేరు చూద్దాం. సబ్బవరం అన్న మాటను రెండుగా విడదీస్తే వెనక సగం మనకు బాగా తెలిసిందే. చోడవరం, లక్కవరం, రాయవరం, అన్నవరం, గన్నవరం, పోలవరం, రాజమహేంద్రవరం. గోదావరికి అటూ ఇటూ ఈ వరాలు చాలా ఉన్నాయి. వరం అనగానే దేవుడిచ్చే వరం గుర్తుకొస్తుంది. అన్నవరానికి ఆ కథే చెబుతారు, అనిన వరమల్లా ఇచ్చే స్వామి కొండ కనక అన్నవరం అని. భక్తులు చెప్పుకునే ఆ అర్థంలో ఉన్న తీపిని పోగొట్టాలని నాకు లేదు. కానీ ఊళ్ళన్నిటినీ వరసన పెట్టి చూస్తే మరో దారి కనబడుతుంది. రాజమహేంద్రవరానికి రాజమహేంద్రపురం అన్న రూపం కూడా ఉంది. మాట నడుమ పడిన పకారం వకారంగా మెత్తబడడం తెలుగుకు కొత్త కాదు. ఈ సభలో పదో తరగతి చదువుతున్న పిల్లలున్నారు. గసడదవాదేశ సంధికి మీరు రాసే ఉదాహరణల్లో ఊరు, పల్లె కలిసి ఊరువల్లెలు కావడం ఉంటుంది. పల్లె వల్లె అయినట్టే పురం వురమై, నోట నలిగి వరమైందన్నది నాకు నమ్మకం కలిగించిన వివరణ. సంధి సూత్రం పరీక్ష కాగితం మీదకన్నా ముందు మన రోడ్డు పక్క మైలురాళ్ళ మీద ఉంది.

అలాగని ప్రతి పురమూ వరం కాలేదు. సబ్బవరం మండలంలోనే అమృతపురం, మొగలిపురం ఉన్నాయి. ఒకే నేల మీద ఒక పేరు నోట అరిగింది, మరో పేరు రాత రూపంలోనే నిలిచింది. ఇలాంటి చోట ఒకే సూత్రాన్ని అన్ని ఊళ్ళకూ తొడగాలని చూస్తే పొరబడతాం.

ముందు సగం సంగతి వేరు. "సబ్బ" అన్న మాట వినగానే చెవి నాలుగు వైపులా పరిగెడుతుంది. పాళీలో సబ్బ అంటే సర్వం. అనకాపల్లి పక్కనే సంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయి. 20వ శతాబ్దం మొదటి దశకంలో పురాతత్వవేత్త అలెగ్జాండర్ రే అక్కడ తవ్వించినప్పుడు సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికింది. సంకరం అన్న పేరు సంఘారామం నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. అయితే సబ్బవరం కూడా బౌద్ధుల పేరేనా అని మనసు ఉవ్విళ్ళూరుతుంది. ఇంకో వైపు చూస్తే మన ఏజెన్సీ కొండల్లో సవరలున్నారు. గిడుగు రామమూర్తిగారు ఏళ్ళ తరబడి వాళ్ళ భాష నేర్చుకుని, రాసి, దానికి నిఘంటువూ వ్యాకరణమూ కట్టారు. సవర, శబర, సబ్బ అని జారిపోవడం ఎంతసేపు? కాకతీయుల శాసనాల్లో సబ్బినాడు అనే సీమ పేరు వస్తుంది, అది తెలంగాణలో కరీంనగర్ ప్రాంతం. సబ్బం అనే ఇంటిపేరు మన విశాఖ, అనకాపల్లి వైపు ఉంది. ఆ ఇంటిపేరున్న సబ్బం హరిగారు విశాఖపట్నానికి మేయరుగా, 2009 నుంచి 2014 వరకు అనకాపల్లి ఎంపీగా పనిచేశారు.

ఈ నాలుగూ వినడానికి బాగుంటాయి. "పోలిక సాక్ష్యం కాదురా" అనేవారు మాస్టారు. సంకరం విషయంలో పేరుకు తోడు కొండ మీద ఇటుకల స్తూపం ఉంది, రాతిలో తొలిచిన గుహలున్నాయి. పేరు చెప్పిన మాటకు నేల సాక్ష్యం పలికింది. సబ్బ విషయంలో చెవి ఒక్కటే మాట్లాడుతోంది. నేను మాత్రం చుట్టుపక్కల వరాల వరస చూసి ఒక వైపు మొగ్గుతాను. చోడవరంలో చోడులున్నారు, రాయవరంలో రాయడున్నాడు, రామవరంలో రాముడున్నాడు. వరానికి ముందు ఒక మనిషి పేరో, ఏలినవారి బిరుదో నిలబడడం ఈ సీమ పద్ధతి. కులోత్తుంగ చోళుడి పేరు మీద విశాఖపట్నాన్నే కులోత్తుంగచోళపట్టణం అన్న కాలం ఉంది. సింహాచలం గుడిలో ఇప్పటికి దొరికిన పాత శాసనం 1098–99 నాటిది, అదీ ఆ కులోత్తుంగుడి కాలానిదే. ఇలా మనుషుల పేర్లు ఊళ్ళకు అంటుకున్న నేల మీద "సబ్బ" కూడా ఒక మనిషే అయి ఉంటాడని నా ఊహ. దీన్ని ఊహగానే తీసుకోండి.

ఇక ఇంటిపేరుకొస్తాను. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే.

మరాఠీవాళ్ళు ఊరి పేరుకు "కర్" చేర్చి ఇంటిపేరు చేసుకుంటారు. గోవాలో మంగేశి అనే ఊరి నుంచి వచ్చింది మంగేష్కర్. తెలుగువాళ్ళం అలా ప్రత్యేకమైన తోక తగిలించం. మనకు విభక్తి చాలు. ఊరు ఊరి అవుతుంది, ఏరు ఏటి అవుతుంది, పాడు పాటి అవుతుంది. కందుకూరు నుంచి కందుకూరి, నండూరు నుంచి నండూరి, ముట్నూరు నుంచి ముట్నూరి, తెన్నేరు నుంచి తెన్నేటి, గార్లపాడు నుంచి గార్లపాటి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఔపవిభక్తికాలని చెప్పినవి ఇవే. అంతెందుకు, ఇంటిపేరు అన్న మాటలోనే ఇల్లు ఇంటి అయి కూర్చుంది. ఆ చిన్న మార్పు మీద మనం నిలబడి చూడాలి. కందుకూరి అంటే కందుకూరు కాదు, కందుకూరుకు చెందిన అని. ఆ మాట తనంతట తాను పూర్తి కాదు. వెనక ఒక మనిషి పేరు రావాలి. అందుకే మన ఇంటిపేరు ముందుంటుంది, మనిషి పేరు వెనకుంటుంది. ఆ వరస మన వ్యాకరణం నిర్ణయించిన వరస. అమెరికా వెళ్ళిన పిల్లలు దరఖాస్తుల్లో ఇంటిపేరును చివరకు తోసినప్పుడు విభక్తి తెగి గాలిలో వేలాడుతుంది. వాళ్ళను తప్పుపట్టడం లేదు, అక్కడి కాగితం అలా అడుగుతుంది. ఆ తెగిన చోటు మన చెవికి వినబడాలి, అంతే.

వరానికి వచ్చేసరికి ఇంకో మార్పు. మకారంతో ముగిసే మాట పక్కన ఇంకో మాట చేరితే "ము" పోయి "పు" వస్తుంది. సరసము, మాట కలిస్తే సరసపుమాట. పుంప్వాదేశ సంధి అని మీరు బట్టీపట్టేది అదే. సూత్రాన్ని కర్మధారయానికి చెప్పారు గాని వాడుకలో గుర్రపుబండి, బియ్యపుపిండి, ఇలా దాని రాజ్యం పెద్దది. సబ్బవరం పక్కన మనిషి పేరు చేరగానే సబ్బవరపు అయింది. అన్నవరపు, గన్నవరపు, పోలవరపు, చోడవరపు అన్నీ ఇదే అచ్చు. వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారి ఇంటిపేరులో అన్నవరం ఉంది. ఇంకా దగ్గర సాక్ష్యం కావాలంటే శృంగవరపుకోట చూడండి. మనం ఎస్.కోట అని పొట్టి చేసేశాం గాని, శృంగవరం అన్న మాట పు ప్రత్యయంతో కోటను పట్టుకుని నిలబడిన పేరది. సబ్బవరపు మనిషి, శృంగవరపు కోట, రెండూ ఒక్క చెట్టు కాయలే.

అన్ని ఊళ్ళూ ఇలా మారాయని చెప్పను. కథానిలయం కట్టిన కాళీపట్నం రామారావు మాస్టారి ఇంటిపేరులో ఊరు ఉన్నది ఉన్నట్టే నిలిచింది. శ్రీశ్రీ ఇంటిపేరు శ్రీరంగం కూడా అంతే. ఆ శ్రీరంగం సంగతి ఇంకొంచెం ఉంది. విశాఖపట్నంలో పుట్టిన శ్రీశ్రీ పుట్టుకతో పూడిపెద్దివారి బిడ్డ, దత్తతతో శ్రీరంగంవారయ్యాడు. కాగితం మీద ఒక సంతకంతో ఇంటిపేరులోని ఊరే మారిపోయింది.

ఊరు దాటాకే ఆ పేరు పుడుతుందన్న మాస్టారి మాటను ఇప్పుడు పరీక్షించి చూద్దాం. ఈ జిల్లాలోనే ఎస్.రాయవరం ఉంది. గురజాడ అప్పారావుగారు 1862లో అక్కడే మేనమామగారింట పుట్టారు. గురజాడ అన్న ఊరు మాత్రం కృష్ణా జిల్లాలో ఉంది. ఆయన కుటుంబం అటు నుంచి ఇటు వచ్చింది. గురజాడలోనే ఉండిపోయిన మనిషిని గురజాడ అని పిలవవలసిన అవసరం అక్కడ ఎవరికీ లేదు. ఉత్తరానికి వచ్చినప్పుడు ఇక్కడివాళ్ళు "ఎవరు వీళ్ళు? గురజాడవాళ్ళు" అనుకున్నారు. అలా ఆ పేరు ఇక్కడ స్థిరపడింది. తెన్నేటి విశ్వనాథంగారు చోడవరం దగ్గర లక్కవరంలో పుట్టారు, విశాఖ ఉక్కు ఉద్యమానికి పెద్ద దిక్కయ్యారు. తెన్నేరు కృష్ణా జిల్లాలో ఉంది. ఇవాళ విశాఖలో సముద్రపు ఒడ్డున తెన్నేటి పార్కు ఉంది. ఊరు ఇంటిపేరైంది, ఇంటిపేరు మనిషిని పట్టుకుని నాలుగు జిల్లాలు దాటి వచ్చి మళ్ళీ ఒక చోటుకు పేరైంది. ఈ ప్రయాణం తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

రాయల కాలం నుంచి ఒక సాక్ష్యం కూడా ఉంది. తెనాలి రామకృష్ణుడి అసలు ఇంటిపేరు గార్లపాటి. అంటే ఆ వంశం ఎప్పుడో గార్లపాడు నుంచి కదిలింది. తెనాలివాళ్ళకు ఆయన గార్లపాటి. విజయనగరం చేరాక అక్కడివాళ్ళకు ఆయన తెనాలి. ఒకే మనిషి మీద రెండు ప్రయాణాల గుర్తులు పడ్డాయి. రెండో గుర్తు మొదటిదాన్ని కప్పేసింది.

అన్ని ఇంటిపేర్లూ ఊళ్ళ నుంచి రాలేదు. పని నుంచి వచ్చినవున్నాయి. తాపీ ధర్మారావుగారి ఇంటిపేరు మొదట బండి, పెద్దల తాపీపని వల్ల తాపీ అయింది. దాడి, కొణతాల, ఆడారి, మళ్ళ, కర్రి అని మన చుట్టూ వినబడే ఇంటిపేర్లు వేరు వేరు దారుల్లో వచ్చాయి. ఈ దారులన్నిటి మీదా పనిచేసినవాళ్ళు మనకున్నారు. కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డిగారు పరిశోధన చేశారు. యార్లగడ్డ బాలగంగాధరరావుగారు ఊళ్ళ పేర్లనూ ఇంటిపేర్లనూ జీవితకాలపు పనిగా పెట్టుకున్నారు. ఆ దారిలో ఉత్తరాంధ్రలో నడవవలసిన దూరం ఇంకా చాలా ఉంది. ఈ నేల వలసల నేల. ఆమదాలవలస, కొత్తవలస అని ఊళ్ళే చెప్పుకుంటున్నాయి. సబ్బవరానికి కాస్త దూరంలోనే కొత్తవలస ఉంది. కొత్తగా వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు ఆ మాటనే పేరుగా పెట్టుకుంది. అక్కడికి వచ్చినవాళ్ళ వెనక ఎన్ని ఊళ్ళు ఇంటిపేర్లై వచ్చాయో ఓటర్ల జాబితా ఒకటి ముందు పెట్టుకుంటే తెలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నిజంగా పెళ్ళిళ్ళు ఆగిపోవడం చూశాను. ఇంటిపేరు ఒకటే అయితే అన్నదమ్ముల వరస అని మన నమ్మకం. వంశం నుంచి వచ్చిన ఇంటిపేరుకు ఆ మాట సరిపోవచ్చు. ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరుకు సరిపోదు. సబ్బవరం నుంచి ఒక కాలంలో ఒక రైతు వెళ్ళి ఉంటాడు, ఇంకో కాలంలో ఒక చేతిపనివాడు, మరో కాలంలో ఒక పూజారి. మూడు వేరు వేరు ఊళ్ళు చేరారు. మూడు చోట్లా జనం వాళ్ళను సబ్బవరపువాళ్ళనే అన్నారు. మూడు కులాలు, మూడు గోత్రాలు, ఒకే ఇంటిపేరు. వాళ్ళ నడుమ ఉన్నది రక్తసంబంధం కాదు, ఒక చెరువు నీళ్ళు తాగిన సంబంధం. కందుకూరి అన్న ఇంటిపేరు బ్రాహ్మణుల్లోనూ విశ్వబ్రాహ్మణుల్లోనూ ఉండడానికి కారణం ఇదే. ఇంటిపేరు చూసి కులం చెప్పేస్తామనేవాళ్ళు ఊరి ఇంటిపేర్ల దగ్గర తప్పకుండా తప్పుతారు. ఊరు ఏ ఒక్క కులానిదీ కాదు కదా. ఇంకో చిక్కు, ఒకే పేరుతో రెండు ఊళ్ళుంటాయి. విమానాశ్రయం ఉన్న గన్నవరం ఒకటి, కోనసీమలో పి.గన్నవరం ఇంకొకటి. గన్నవరపువారిని చూసి మీది ఫలానా గన్నవరమే అనడానికి పేరు ఒక్కటే చాలదు.

మరి ఏది చాలుతుంది? మాస్టారు మూడు చోట్ల వెతకమనేవారు.

మొదటిది దస్తావేజు. పాత దస్తావేజులో అమ్మేవాడి ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఆ తర్వాత "ఫలానా గ్రామ కాపురస్తులు" అని ఉంటుంది. ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చాడో చెబుతుంది, కాపురం ఎక్కడ ఉన్నాడో చెబుతుంది. రెంటి మధ్య దూరమే ఆ కుటుంబం నడిచిన దూరం. తాతల నాటి దస్తావేజులు ట్రంకు పెట్టెల్లో చెదలు పట్టిపోతున్నాయి. రిజిస్ట్రేషను అయిపోయింది, నకలు ఆఫీసులో ఉంటుందిలే అని పారేస్తున్నారు. పారెయ్యకండి.

రెండోది శుభలేఖ. చి.ల.సౌ. అన్న అక్షరాల కింద పెళ్ళికూతురి పుట్టింటి ఇంటిపేరు చివరిసారి అచ్చులో కనబడుతుంది. ఆ పెళ్ళి తర్వాత రేషను కార్డులో, ఓటర్ల జాబితాలో, బ్యాంకు పుస్తకంలో ఆమె ఇంటిపేరు మారిపోతుంది. మాస్టారి నోటుపుస్తకంలో నాలుగో గడి ఎందుకో నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. ఊళ్ళ ప్రయాణంలో సగం ఆడవాళ్ళు చేశారు. ప్రతి పెళ్ళికీ ఒక మనిషి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కదిలింది. మగవాడు ఊరు దాటితే ఆ ఊరు ఇంటిపేరై తరతరాలు నిలిచింది. ఆడమనిషి ఊరు దాటితే ఉన్న ఇంటిపేరు కూడా పోయింది. ఈ అన్యాయం ఎవరికీ అన్యాయంలా కనిపించకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ నాలుగో గడి నిలిచిన చోటు ఒకటే ఉంది, అదే మాస్టారు చెప్పిన మూడో చోటు. సామాను. సారె పెట్టినప్పుడు ఇత్తడి బిందె మీద, గంగాళం మీద, కంచు గ్లాసుల మీద పేరు కొట్టించేవారు. పెళ్ళిళ్ళలో వంటపాత్రలు ఒకరివొకరు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు కలిసిపోకుండా ఉండడానికి ఆ ఏర్పాటు. చుక్కలు చుక్కలుగా ఉలితో కొట్టిన ఆ అక్షరాల్లో పుట్టింటివాళ్ళ పేరుంటుంది. మా ఇంట్లో అమ్మమ్మ నుంచి అమ్మకు వచ్చిన ఇత్తడి బిందె ఉంది. మెడ దగ్గర "సబ్బవరపు" అని ఐదక్షరాలు. తోమి తోమి మధ్యలో "వ" చుక్కలు అరిగిపోయాయి, వేలితో తడిమితే తెలుస్తుంది. అమ్మ పేరు మీద ఉన్న ఏ కాగితంలోనూ ఆ ఐదక్షరాలు లేవు.

కాగితాల సంగతి వచ్చింది కనక ఇంకో మాట. మా మేనమామ కొడుక్కి ఒక కార్యాలయంలో ఇచ్చిన ధ్రువపత్రంలో ఇంటిపేరు "సబ్బరపు" అని పడింది. ఒక్క "వ" పోయింది. దిద్దించడానికి ఎక్కని మెట్టు లేదు. చివరికి విసిగి, మిగిలిన కాగితాలన్నీ ఆ తప్పుకు సరిపడేలా మార్చుకున్నాడు. ఇవాళ అతని పిల్లలు సబ్బరపువారు. రెండు తరాలు పోయాక ఆ పేరులో సబ్బవరం ఎవరికీ కనిపించదు. ఊరు దాటినా పోని ఊరు, ఒక అక్షరం పోవడంతో పోయింది. ఆ బాధ చిన్నదని నేననుకోను.

ఇంతకన్నా పెద్ద పోగొట్టుకోవడం ఒకటి మన జిల్లావాళ్ళకు జరిగింది. 1860 నుంచి 1911 వరకు ఇండియా నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరుకుతోటలకు 1,52,184 మంది కూలి ఒప్పందం మీద వెళ్ళారు. మద్రాసు నుంచి బయల్దేరిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. తర్వాతి ఏళ్ళలో విశాఖపట్నం జిల్లా నుంచి వెళ్ళినవాళ్ళు చాలామంది. ఓడ పట్టీలో ఒక్కొక్కరికి ఒక వరస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం. ఇంటిపేరుకు గడి లేదు. కాబట్టి చాలామందికి ఇంటిపేరు ఆ రేవులోనే పోయింది. అక్కడి చట్టాలు ఇంటిపేరు అడిగినప్పుడు తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరైంది. ఇక్కడ ఊరు ఇంటిపేరుగా మారి బతికింది. అక్కడ ఇంటిపేరు పోయి, ఊరు మాత్రం ఇంగ్లీషు గుమాస్తా విన్నట్టు రాసిన నాలుగక్షరాలుగా పట్టీలో మిగిలింది. ఆ మునిమనవల్లో కొందరు ఇవాళ ఆ పట్టీ నకలు పట్టుకుని మన ఊళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. వాళ్ళ చేతిలో ఉన్నది మాస్టారి పుస్తకంలో మూడో గడి ఒక్కటే.

నార్వేలో ఇంకోలా జరిగింది. అక్కడ రైతు ఏ కమతంలో ఉంటే ఆ కమతం పేరే అతని పేరు. వేరే కమతానికి మారితే పేరూ మారేది. 1923లో చట్టం చేసి, అందరికీ స్థిరమైన ఇంటిపేరు ఉండాలన్నారు. వాళ్ళ పేరు ఉన్న చోటు చెప్పింది. మన పేరు విడిచిన చోటు చెబుతుంది. వెళ్ళిన చోటల్లా వెనకటి ఊరిని ముందు పెట్టుకుని పరిచయం చేసుకోవడం మన పద్ధతి అయింది. ఎందుకలా అని నేను చాలాసార్లు ఆలోచించాను. కొత్త ఊళ్ళో మనిషికి మొదట ఎదురయ్యే ప్రశ్న "ఏ ఊరు బాబూ మీది? ఎవరి తాలూకా?" అన్నదే. ఉత్తరాంధ్రలో ఇప్పటికీ అంతే. ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబే గట్టిపడి ఇంటిపేరైంది. ఇంటిపేరు మనం పెట్టుకున్నది కాదు, అడిగినవాళ్ళు మనకు పెట్టింది.

ఇప్పుడు సబ్బవరం సంగతి. 2022 ఏప్రిల్ 4న ఈ మండలం విశాఖపట్నం జిల్లా నుంచి కొత్త అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా వేసిన ఆరు వరసల రహదారి ఇటే వెళ్తోంది. దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఇక్కడ ఉంది, ఆ ఆవరణకు న్యాయప్రస్థ అని పేరు పెట్టారు. నారపాడు దగ్గర శ్రీచక్రం ఆకారంలో గుడి కట్టిన చోటు దేవీపురమైంది. వంగలిలో పెట్రోలియం విద్యాసంస్థకు స్థలం ఇచ్చారు. పేర్లు పుడుతున్నాయి, మంచిదే. నేను పుట్టకముందు సబ్బవరం పుట్టినట్టే ఇవీ పుడుతున్నాయి. నా దిగులు కింద ఉన్న పేర్ల గురించి. ప్రతి పొలానికీ ఒక పేరుంది. ఫలానా గరువు, ఫలానా కళ్ళం, ఫలానా చెరువు కింద మడి అని. ఆ పేర్లు చాలావరకు రికార్డుల్లో లేవు, దున్నినవాళ్ళ నోళ్ళలోనే ఉన్నాయి. అడంగల్లో ఉన్నది సర్వే నంబరే. పొలం ప్లాట్లయిన రోజున నంబరు మిగులుతుంది, పేరు పోతుంది. లేఅవుట్ గేటు మీద ఏదో ఇంగ్లీషు పేరు వస్తుంది. "సబ్బ" ఎవరో ఇవాళ మనం తడుముకుంటున్నాం. ఆ గరువుల పేర్లలో ఎక్కడైనా ఆ మనిషి దొరికే అవకాశం ఇంకా ఉంది. దున్నిన చివరి తరం ఉన్నంతవరకే ఉంది.

మాస్టారు పోయాక ఆయన నోటుపుస్తకాలు వాళ్ళమ్మాయిగారు నాకిచ్చారు. సంవత్సరానికొకటి చొప్పున కట్ట. నా తరగతి పుస్తకంలో నా వరస వెతుక్కున్నాను. నాలుగో గడిలో సబ్బవరపు అని ఉంది. పక్కన ఎర్ర సిరాతో, టీ బడ్డీ తాత అన్న మాట అక్షరం మార్చకుండా ఆ తాత యాసలోనే రాసి పెట్టుకున్నారు. కింద తారీఖు వేసుకున్నారు.

ఆ పుస్తకాలు ఈ సభ అయ్యాక బయట బల్ల మీద ఉంటాయి, చూడండి, మీ నాన్నగారి పేరో మీ అత్త పేరో కనబడవచ్చు. వాటి పక్కన కొత్త పుస్తకం ఒకటి పెట్టాను. గడులు ఐదు గీశాను. మాస్టారివి నాలుగు, ఐదోది మీ పొలం పేరుకు. పొలం అమ్మేసినవాళ్ళు కూడా రాయండి. మొదటి వరస నేను నింపాను. నాలుగో గడిలో "వ" కాస్త ఒత్తి రాశాను.